ట్రాకు పాడటానికి వెళ్తున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ దీవించి రాయునది.

మధురవాడ ఉద్యోగం మానేసి, సినిమాలకి ట్రాకులు పాడతానని హైదరాబాదు పోతున్నావట. మీ అమ్మ రాత్రి ఫోన్లో చెప్పింది. చెప్పడమేంటి, ఏడ్చింది. సావిత్రి పేరెత్తింది. మన ఇంట్లో ఆడపిల్ల గడప దాటినప్పుడల్లా, 19 నెలలు కోమాలో ఉండి పోయిన ఆ తల్లిని తలుచుకోవడం ఆనవాయితీ. నాకూ అదే చెప్పారు. భానుమతి పేరు మాత్రం ఒక్కరూ ఎత్తరు. తన పాట తనే పాడుకుని, భర్తతో కలిసి భరణి స్టూడియో పెట్టి, ఎవరికీ జడవకుండా బతికిన మనిషిదీ ఆ మద్రాసే కదా!

మామూలు మాటలు ముందు. కృష్ణానగర్ గదిలో నీతో ఎవరుంటారో వాళ్ల నంబరు నాకు పంపు. చదవకుండా సంతకం పెట్టకు. 2012లో కాపీరైట్ చట్టం మార్చాక పాడినవాళ్లకీ రాయల్టీ హక్కు వచ్చింది, మా రోజుల్లో ఆ మాటే వినలేదు. బీచ్‌లో ఐస్‌క్రీములు ఇక చాలించు.

అసలు సంగతి వేరే ఉంది.

1984లో నాకు 22. సిరిపురం రేడియో స్టేషన్లో లలితగీతాలు, చవితి పందిళ్లలో ఆర్కెస్ట్రా పాటలు పాడేదాన్ని. ఒకాయన విని మద్రాసు రమ్మంటే, మీ తాతయ్యని బతిమాలి తోడు తీసుకుని మెయిలెక్కాను. రెండు టేకులు పాడించారు. రెండో చరణం చివర అదే మాటని కొత్త మలుపు తిప్పి నేనో చిన్న సంగతి వేస్తే, అద్దం అవతల సంగీత దర్శకుడు తలూపాడు. చేతిలో వంద రూపాయలు పెట్టి "ట్రాకు బాగుందమ్మా" అన్నారు. ట్రాకంటే పాటే అనుకున్నాను. పెద్ద గాయని తీరిక చూసుకుని వచ్చి, నా పాట విని నేర్చుకుని పాడుతుందనీ, నా గొంతు తీసేస్తారనీ ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

వచ్చి నోరు మూసుకున్నానా? అల్లిపురమంతా టముకు వేశాను. సినిమా విడుదల రోజు పద్నాలుగు మందిమి రిక్షాలు కట్టించుకుని జగదాంబ హాలు దగ్గరికి పోయాం. మీ అమ్మ అప్పటికి గౌను పిల్ల. పాటొచ్చింది. పల్లవి ఎత్తుకున్నారు. గొంతు నాది కాదు. పక్కింటి అప్ప నా మోచెయ్యి పట్టుకుని "ఇదేనేటే గుంటా?" అంది. "ఇది కాదు, ఇంకోటుంది" అన్నాను. ఆ ఇంకో పాట కోసం పద్నాలుగు మందీ శుభం కార్డు దాకా ఎదురుచూశారు బుజ్జీ.

అబద్ధమాడటం కాదు నా తప్పు. నెల తిరక్కుండా మద్రాసు నుంచి కార్డొచ్చింది, ఇంకో ట్రాకుంది, రమ్మని. చించి పొయ్యిలో పెట్టాను. మన పక్క విజయనగరం నుంచి వెళ్లిన సుశీల గారు మద్రాసు రేడియోలో పాడుతుండగా సంగీత దర్శకుడు పెండ్యాల గారు సినిమాకి తీసుకున్నారు. ఆ తరవాత ఏవీఎం స్టూడియో వాళ్లు నెల జీతానికి పెట్టుకుని, తమిళం పలకడం నేర్పించారు. 2016లో గిన్నిస్ వాళ్లు లెక్క తేల్చినవే 17,695 పాటలు. అంతటావిడ జీతానికి కూర్చుని పలుకు దిద్దుకుంటే, నాకు ఒక్క ట్రాకుకే పౌరుషం పొడుచుకొచ్చింది. రేడియోకీ వెళ్లడం మానేశాను. వీధిలో ఎవరైనా "ఆ పాట ఎప్పుడొస్తాదే" అని అడుగుతారని, రెండు నెలలు పూర్ణా మార్కెట్‌కి కూడా పోలేదు.

కాబట్టి నీ గొంతు తీసేస్తారు. రాసి పెట్టుకో. పదిసార్లు తీసేస్తారు. పదకొండోసారి పిలిస్తే వెళ్లి పాడు. పాట బయటికొచ్చేదాకా వీధిలో చెప్పకు, వాట్సాప్‌లో పెట్టకు. ఉంచారో తీసేశారో నాకు మాత్రం చెప్పు. ఎంత రాత్రైనా సరే, నేను మెలకువగానే ఉంటాను.

ఆ పాట ఇప్పటికీ అప్పుడప్పుడు రేడియోలో వస్తుంది. రెండో చరణం చివర నా సంగతి అలాగే ఉంది. ఆవిడ మార్చలేదు. ఈ మాట నేను మీ పెదనాన్నకి కూడా చెప్పలేదు.

శుక్రవారం గోదావరికి నేనూ స్టేషన్‌కి వస్తాను. మీ అమ్మ ఏడుస్తుంది, నువ్వు కిటికీ దగ్గర కూర్చో. పులిహోర కట్టి తెస్తాను, గొంతు పట్టకుండా చింతపండు తగ్గించి.

నీ పెద్దమ్మ