తూర్పు అక్షరంలో సూర్యుడు లేడు, అమ్మలూ

అమ్మలూ,

నీ ఉత్తరం చేరింది. హాస్టల్ తిండి, అనాటమీ క్లాసు కబుర్లు మీ అత్తయ్యకి చదివి వినిపించాను. చైనా అక్షరాలు బుర్రకెక్కక టెన్షన్‌గా ఉందని, ఏదో యాప్‌లో కథలు చదివి గుర్తుపెట్టుకుంటున్నానని రాశావు. 'తూర్పు' అంటే చెట్టు కొమ్మల్లోంచి తొంగిచూసే సూర్యుడట!

ఆ కథ నేనూ చెప్పాను తల్లీ. గుంటూరులో మిర్చి కొనడానికి వచ్చే చైనావాళ్లకి దుబాసీగా తిరిగిన రోజుల్లో, సాయంత్రాలు కొట్లో కుర్రాళ్లకి నాలుగు అక్షరాలు నేర్పేవాణ్ణి. గోడమీద చెట్టూ సూర్యుడూ గీసి మరీ చెప్పేవాణ్ణి. ఒకరోజు సరుకు చూడటానికి వచ్చిన పెద్దాయన అది చూసి నవ్వాడు. పక్కనున్న మిర్చి టిక్కీ, అదే బస్తా, మీద చెయ్యేసి, "ఇదీ తూర్పు" అన్నాడు. కుర్రాళ్ల ముందు నా మొహం చిన్నబోయింది. గదికెళ్లి పాత రూపాలు వెతికితే ఆయన మాటే నిజం. మూడు వేల ఏళ్ల కిందటి ఆ అక్షరం రెండు చివర్లా తాడుతో బిగించిన సంచీ.

అందుకే, ఏ కథ విన్నా ముందు దొరికినంతలో పాత రూపం చూడు. ఇప్పుడు నువ్వు రాసే రూపాన్ని చూసి కథ అల్లకు. చైనాలో 1956లో అక్షరాలను సులువు చేశాక తూర్పులో సంచీ కూడా మిగల్లేదు.

పాత రూపాలంటే ఎముకల మీదవి. హెనాన్‌లోని అన్యాంగ్ దగ్గర షాంగ్ రాజుల కాలంలో తాబేటి చిప్పలకీ, ఎడ్ల జబ్బ ఎముకలకీ వేడి తగిలించి, పగుళ్లను బట్టి జోస్యం చెప్పి, అడిగిన ప్రశ్నల్ని వాటిమీదే చెక్కేవారు. తర్వాతి కాలంలో అవి పొలాల్లో బయటపడితే 'డ్రాగన్ ఎముకలు' అని మందుల కొట్లకి అమ్మేవారు, పొడి కొట్టి మందుల్లో వాడేవారు. నీ కాబోయే వృత్తివాళ్లు ఎంత చరిత్ర మింగించారో! 1899లో వాంగ్ యీరోంగ్ అనే పండితుడు వాటిమీదున్నది పాత లిపి అని పోల్చాడు.

వాటిలో ఒక ఎముక మీద రాత నాకు భలే ఇష్టం. ఈరోజు వాన వస్తుందా? పడమర నుంచి వస్తుందా? తూర్పు నుంచి వస్తుందా? ఉత్తరం నుంచా? దక్షిణం నుంచా? అంతే. మన రైతు చూరు కింద నిలబడి మబ్బుని అడిగినట్టే ఉంటుంది. అందులో 'తూర్పు' సంచీ అని ఇందాకే చెప్పాను. 'వచ్చు' ఏమిటో తెలుసా? గోధుమ మొక్క.

నువ్వు రోజూ రాసే 'లాయ్' అక్షరమే అది, ఏడు గీతలది. పాత రూపంలో మధ్యలో నిటారుగా కాడ, పైన వంగిన వెన్ను, రెండు పక్కలా ఆకులు, కింద వేళ్లు. రావడానికీ గోధుమకీ ఏం చుట్టరికం? చెవికి తప్ప కంటికి దొరకదు. ఆ కాలంలో రెండు మాటలూ పలకడానికి దగ్గరగా ఉండేవి. వెన్నెల 'కాయడం' బొమ్మల్లో రాయమంటే నువ్వేం చేస్తావు? ఓ మామిడికాయ గీసి ఊరుకుంటావు. వాళ్లూ అదే చేశారు. దీన్ని 'జ్యాజ్యే' అంటారు, అరువు అన్నమాట.

తమాషా ఏమిటంటే, ఇప్పుడు గోధుమకి రాసే 'మాయ్' అక్షరం అడుగున ఒక పాదం ఉంది. నడిచి రావడానికి పాదం కావాలి గానీ గోధుమకెందుకు? ఈ రెండూ ఎప్పుడో ఒకదాని చోట్లోకి ఒకటి మారిపోయాయని చాలామంది పండితుల మాట. నాకూ అదే సబబుగా తోస్తుంది.

యాప్‌వాళ్లని మరీ తిట్టకు. క్రీ.శ. 100లో 9,353 అక్షరాలకు నిఘంటువు కూర్చిన షూ షెన్ అంతటివాడే తూర్పులో చెట్టునీ సూర్యుణ్ణీ చూశాడు. గోధుమ ఆకాశం నుంచి 'వచ్చింది' కాబట్టి ఆ అక్షరానికి 'వచ్చు' అని అర్థమొచ్చిందని రాశాడు. పాపం, ఆయన కాలానికి ఆ ఎముకలు మట్టికింద ఉన్నాయి. నీకా ఇబ్బంది లేదు, ఫోన్లోనే బొమ్మలు దొరుకుతాయి.

రోజుకి ఒక్క అక్షరం చాలు. ఎముక మీది రూపం, కంచు పాత్రల మీదిది, ముద్రల లిపిలోది, హాన్ రాజుల కాలపు గుమాస్తాలు కుంచెతో రాసింది, ఇప్పటిది, వరసగా ఒకే కాగితం మీద నీ చేత్తో దించు. కత్తితో చెక్కినప్పుడు గీత ఎలా బిరుసెక్కిందో, కుంచె పట్టాక వంపులు ఎలా అడ్డంగా సాగి చదునయ్యాయో వేలికే తెలుస్తుంది. ప్రింటు తీసి గోడకి అతికిస్తే మాత్రం లాభం లేదు, నేను చేసి చూశాను. కథ పరీక్షకి పనికొస్తే వాడుకో, తప్పులేదు. నిజమని మాత్రం ఇంకొకరికి చెప్పకు, నాలాగా.

వచ్చే ఉత్తరానికి నీకో పని. ఫీజు కట్టేటప్పుడు చూసే 'పదివేలు' అక్షరం తీసుకో. ఇప్పటి మూడు గీతల్లో ఏమీ దొరకదు, తైవాన్‌లో రాసే రూపం పట్టుకుని వెనక్కి వెళ్లు. చివర్లో ఒక తేలు కనిపిస్తుంది. అది అంకెల్లోకి ఎలా దూరిందో నువ్వే రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మావయ్య