పాత టేకు టేబుల్, తొమ్మిది వేలు, నెల గడువు

ఇల్లూ వాకిలీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అక్కయ్యగారూ, మాది ఖమ్మంలో సొంత ఇల్లు, కట్టి పదిహేనేళ్లయింది. భోజనాల గది 10 అడుగులు, 11 అడుగులు. అందులో మా మామయ్యగారు 1998లో చేయించిన టేకు టేబుల్, ఆరు కుర్చీలు ఉన్నాయి. టేబుల్ నిండా తెల్లటి, నల్లటి రింగులు. కుర్చీల రెగ్జిన్ చిరిగి స్పాంజి బయటికొచ్చింది. వాష్ బేసిన్ పక్కన గోడ రంగు పొరలు పొరలుగా ఊడిపోతోంది. వచ్చే నెల మామయ్యగారికి డెబ్భై నిండుతాయి. భీమరథ శాంతి చేస్తున్నాం, చుట్టాలంతా వస్తారు. పాత టేబుల్ ఎక్స్చేంజ్‌లో ఇచ్చేసి ఈఎంఐ మీద కొత్తది తెద్దామని, ఆ గోడకి వాల్ పేపర్ అంటిద్దామని మావారి పట్టు. నా చేతిలో ఉన్నది తొమ్మిది వేలు. ఏం చేయమంటారు?
(ఒక గృహిణి, ఖమ్మం)

జవాబు: ముందు మీవారి పట్టు సంగతి తేల్చేద్దాం. ఎక్స్చేంజ్ వాళ్లు పాత టేబుల్‌కి కట్టే ధర ఇంచుమించు వంటచెరకు ధరే. మా నాన్నగారు రాజమండ్రిలో టింబర్ డిపోలో గుమాస్తా. ఇంట్లో ఏ చెక్క సామాను కొన్నా వేలితో కొట్టి, వాసన చూసిగాని లోపలికి రానిచ్చేవారు కాదు. ఆ పిచ్చి నాకూ అంటింది. ఈఎంఐ ధరల్లో ఇప్పుడు దొరికేవాటిలో చాలామటుకు చెక్కపొట్టు అట్ట మీద టేకు గీతలు అచ్చేసిన కాగితం. అంచున నీళ్లు చేరితే ఉబ్బుతుంది, ఉబ్బాక దాన్ని ఏ వడ్రంగీ బాగు చేయలేడు. గట్టి టేకైతే పైపొర గీకినా కింద మళ్లీ టేకే.

కాకపోతే మీది గట్టి టేకేనా అని ఒకసారి చూసుకోండి. టేబుల్ చివర నేల మీద కూర్చుని పైపలక అంచు చూడండి. పైనున్న గీతలే అంచు మీంచి కిందికి దిగినట్టు కనిపిస్తే గట్టి చెక్క. కాగితం మందాన వేరే పొర కనిపిస్తే ప్లైవుడ్ మీద అంటించిన వెనీర్. వెనీరైతే ఎమరీ పేపర్ జోలికి వెళ్లొద్దు, నాలుగు రుద్దులకే కింది ప్లై బయటపడుతుంది. 1998లో పెద్దాయన దగ్గరుండి చేయించారంటే గట్టి చెక్కే అయి ఉంటుందని నా నమ్మకం.

పని మాత్రం గోడతో మొదలుపెట్టండి, ఈ ఉత్తరం చదివిన రోజే. గోడ ఆరడానికి రోజులు పడుతుంది, మీకున్నది నెల. వాల్ పేపర్ మాట మర్చిపోండి. పుండు మీద పట్టుగుడ్డ కప్పితే పుండు మానదు, పట్టుగుడ్డ పాడవుతుంది. అడుగు చదరం పారదర్శకమైన పాలిథిన్ ముక్క తీసుకుని, ఊడుతున్న చోటికి కొంచెం పక్కన నాలుగు వైపులా టేపు వేసి ఒక రోజంతా ఉంచండి. లోపలి వైపు నీటి బొట్లు కనిపిస్తే చెమ్మ గోడలోంచే వస్తోంది. బేసిన్ పక్కనే అంటున్నారు కాబట్టి నా అనుమానం యాంగిల్ కాక్ (బేసిన్ కింద నీళ్లు కట్టేసే చిన్న కుళాయి) మీద, వేస్ట్ పైపు మీద. ఒక్కో జాయింటుకీ పొడి టిష్యూ కాగితం చుట్టి రాత్రికి వదిలేయండి. తెల్లారి ఏది తడిసి ఉంటే దొంగ అదే.

కారుడు ఆగాక ఊడిన రంగంతా ప్లాస్టరింగ్ కనిపించేదాకా గీకించండి. తెల్లగా ఉప్పు పొడి రాలుతుంది, దాన్ని పొడి బ్రష్‌తోనే దులపాలి. తడిగుడ్డతో తుడిస్తే ఆ ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. రెండు మూడు వారాలు గాలి తగలనివ్వండి, కుదిరితే ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టండి. ఆ తరవాతే పుట్టీ, ప్రైమర్, కడిగినా పోని రకం ఎమల్షన్. నునుపు గోడకి రెండు కోట్లు వేస్తే లీటరు సుమారు వంద చదరపు అడుగులకి వస్తుంది. అంటే లీటరు డబ్బాతో ఆ ఒక్క గోడ అయిపోతుంది. ఫంక్షన్ నాటికి ఇంకా చెమ్మగానే ఉంటే రంగు వేయకండి. ఆ గోడకి ఎదురుగా తువ్వాళ్ల స్టాండు నిలబెట్టి పండగ కానిచ్చేయండి. చుట్టాలు గోడ చూడటానికి రావట్లేదు.

మిగతా మూడు గోడలకి రంగు అక్కర్లేదు. సబ్బు నీళ్లతో తుడిస్తే చాలు. కుర్చీ వెనక తలలు ఆనే ఎత్తులో నూనె మరకలుంటాయి చూడండి, అవి పోయేదాకా తుడవండి. జిడ్డు మీద రంగు వేసినా నెల తిరక్కుండా పైకి తేలుతుంది.

ఇక టేబుల్. తెల్ల రింగు, నల్ల రింగు ఒకటి కాదు. తెల్లది వేడి గిన్నె వల్లో తడి గ్లాసు వల్లో పాలిష్ పొరలో చిక్కిన చెమ్మ. నల్లది నీళ్లు పాలిష్ దాటి చెక్కలోకి దిగిన గుర్తు. ఆ కాలం టేబుళ్లకి ఎక్కువగా వేసింది ఫ్రెంచ్ పాలిష్, అంటే స్పిరిట్‌లో కరిగించిన లక్క. టేబుల్ అడుగున కనపడని చోట ఒక చుక్క స్పిరిట్ వేసి చూడండి, జిగురుగా మారితే అదే. తెల్ల రింగు మీద స్పిరిట్ వాసన మాత్రం తగిలేంత తడిపిన గుడ్డని అలా అలా పోనిస్తే చాలావరకు మాయమవుతుంది. నిలబెట్టి రుద్దితే పాలిష్ కూడా వచ్చేస్తుంది. మీకు నల్లవీ ఉన్నాయి కాబట్టి పైపలక మొత్తం గీకించక తప్పదు.

గీకుడు మీరూ మీవారూ కలిసి చేసుకోవచ్చు. ముందు 120 నంబరు ఎమరీ, తరవాత 220, చివర 320. చెక్కలో గీతలు ఎటు పోతున్నాయో అటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే ఆ గీరలు ఇప్పుడు కనపడవు, పాలిష్ పడ్డాక ఒక్కొక్కటీ లేచి పలకరిస్తాయి. పాలిష్ మాత్రం పనివాడి చేతికే ఇవ్వండి. పైపలకకి పీయూ (పాలీయురెథేన్ అనే గట్టి పూత) వేయించండి, వేడికీ తడికీ లక్క కంటే బాగా నిలుస్తుంది. పాత లక్క పూర్తిగా పోయాకే వేయమని చెప్పండి. కాళ్లకీ కుర్చీలకీ ఫ్రెంచ్ పాలిష్ చాలు. ముసురు పట్టిన రోజు పని పెట్టుకోవద్దు, తేమకి లక్క పాలిష్ పాలిపోయి మబ్బు పట్టినట్టవుతుంది.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. 2009 దసరాకి మా టేబుల్‌కి పాలిష్ చేయించాను. శుక్రవారం పని అయింది. చేతికి అంటకపోతే ఆరినట్టే అనుకుని శనివారం మధ్యాహ్నమే పైన అద్దం పెట్టేశాం. గీత పడకుండా మధ్యలో న్యూస్ పేపర్ పరిచాను, నా తెలివికి నేనే మురిసిపోతూ. ఉగాదికి అద్దం తీసి తుడుద్దామంటే పేపర్ రాదు. తడిపి గోకితే కాగితం వచ్చింది, అక్షరాలు రాలేదు. చీరల దుకాణం ఆషాఢం డిస్కౌంట్ ప్రకటన, తిరగేసిన అక్షరాల్లో, మా టేబుల్ మధ్యలో అచ్చుపడి కూర్చుంది. వచ్చినవాళ్లంతా కంచం పక్కకి జరిపి మరీ చదివేవారు. మళ్లీ గీకించడానికి ఆ రోజుల్లో పన్నెండు వందలయింది. అందుకని పాలిష్ అయ్యాక కనీసం వారం రోజులు టేబుల్ మీద ఏమీ పెట్టకండి. అద్దం వేసేటట్టయితే కింద సిలికాన్ బొట్లు పెట్టించండి, మధ్యలో గాలి ఆడాలి. నన్నడిగితే అద్దమే వద్దు. అంత టేకు పెట్టుకుని దాని మీద గాజు కప్పుకోవడం నాకు అర్థం కాదు.

కుర్చీలు అన్నిటికంటే సులువు. బోర్లా తిప్పితే అడుగున నాలుగు స్క్రూలుంటాయి, అవి విప్పితే సీటు పలక ఊడి చేతికొస్తుంది. విప్పేముందు సీటు అడుగునా చట్రం మీదా పెన్సిల్‌తో ఒకటి, ఒకటి, రెండు, రెండు అని వేసుకోండి. చేత్తో చేసిన కుర్చీల్లో ఒకదాని కన్నాలు ఇంకోదానికి కలవవు. ఆరు పలకలూ సంచిలో వేసుకుని సీట్లు కుట్టేవాడి దగ్గరికి వెళితే, కుర్చీలు మోసే ఆటో ఖర్చు కూడా మిగులుతుంది. ఫోమ్ అంగుళంన్నర చాలు, 40 డెన్సిటీ అడగండి. మెత్తగా ఉంటుందని మూడంగుళాలు వేస్తామంటారు, ఒప్పుకోకండి. మామూలుగా టేబుల్ ఎత్తు 30 అంగుళాలు, సీటు 18. మధ్యలో ఉన్న ఆ అడుగు తగ్గితే తొడలు టేబుల్ చట్రానికి తగులుతాయి. పైన రెగ్జినే వేయించండి. చేత్తో కలుపుకు తినేవాళ్లం, పప్పుచారు గుడ్డ సీటు మీద ఒలికితే ఇంతే సంగతులు. ఎండాకాలం ఒంటికి అంటుకుంటుందనుకుంటే పైకి చేనేత కాటన్ తొడుగులు నాడాలు పెట్టి కుట్టించండి, వారానికోసారి ఉతికేసుకోవచ్చు.

మీరు అడగలేదు గానీ, లైటు ఎలా ఉందో రాయలేదు. గోడకి ట్యూబ్‌లైట్ ఉండి ఉంటుంది. దానికి వీపు పెట్టి కూర్చున్నవాళ్ల నీడ వాళ్ల కంచంలోనే పడుతుంది, అన్నం తెల్లగా పాలిపోయినట్టు కనిపిస్తుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు, డబ్బా మీద 3000 కె అని ఉన్నది తీసుకోండి. అది పసుపు కలిసిన వెలుగు. వేలాడే లైటైతే టేబుల్‌కి పైన 30 అంగుళాల ఎత్తులో ఉండాలి. ఫ్యాన్ సరిగ్గా టేబుల్ నెత్తినే ఉంటే వేలాడేది కుదరదు. ఫ్యాన్ కంటే పైన బల్బు పెట్టినా రెక్కల నీడ కంచంలో టపటపా కొట్టుకుంటుంది. అప్పుడు గోడకి రెండు బ్రాకెట్ లైట్లు పెట్టించండి.

లెక్క చూద్దాం. మా ఊరి ధరల్లో సీట్లు ఒక్కోటి నాలుగు వందల చొప్పున ఇరవై నాలుగు వందలు. పాలిష్‌కి సామాను, రెండు రోజుల కూలీ కలిపి ఇరవై ఎనిమిది వందలు. లైటూ ఎలక్ట్రీషియనూ పద్నాలుగు వందలు, గోడా ప్లంబరూ మరో పద్నాలుగు వందలు. మొత్తం ఎనిమిది వేలు. మిగిలిన వెయ్యీ ఖర్చు పెట్టకుండా ఉంచండి, పని మొదలయ్యాక ఏదో ఒకటి బయటపడకుండా ఉండదు.

టేబుల్ కింద కార్పెట్ ఆలోచన వస్తే రానివ్వకండి. మెతుకులు ఏరలేక చస్తారు. ఫంక్షన్ రోజు కుర్చీ వెనక రెండున్నర అడుగులు ఖాళీ ఉండేలా టేబుల్ జరపండి, లేకపోతే వడ్డించేవాళ్లు నెయ్యి గిన్నెతో అందరి తలల మీదుగా విన్యాసాలు చేయాలి. పెద్దాయన కుర్చీ మాత్రం బేసిన్ వైపు చివర వేయండి, చేయి కడుక్కోవడానికి ఎవర్నీ దాటక్కర్లేకుండా.

ప్రశ్న: అక్కా, మేం మియాపూర్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. హాల్లోనే ఓ మూల నలుగురు కూర్చునే అద్దం టేబుల్. ఓనర్ మేకు కొట్టొద్దన్నారు. మూడు వేలలో ఆ మూల కాస్త అందంగా చేయాలి. వాల్ స్టిక్కర్లు వేస్తే ఎలా ఉంటుంది?
(కొత్తగా పెళ్లయిన అమ్మాయి, హైదరాబాద్)

జవాబు: వేసేటప్పుడు బాగానే ఉంటుందమ్మా, తీసేటప్పుడు గోడ రంగుతో సహా వస్తుంది. అది అడ్వాన్స్‌లో కోసుకుంటారు. ఒక్క బల్బు మార్చి చూడు, పైన జవాబులో రాసిన రకమే.

అద్దం టేబుల్‌తో చిక్కేమిటంటే కిందున్నదంతా పైకి కనిపిస్తుంది. నువ్వు రాయకపోయినా కింద ఇరవై లీటర్ల నీళ్ల క్యానూ ఉల్లిపాయల బుట్టా ఉన్నాయని పందెం కాస్తాను. వాటికి వేరే చోటు చూడు. పైన పెడన కలంకారీ బట్ట ఒకటి పరుచు. మొదటిసారి విడిగా, ఉప్పు నీళ్లలో ఉతుకు, రంగు దిగితే మీ ఆయన తెల్ల చొక్కాలు గులాబీ రంగవుతాయి. పచ్చడి, ఉప్పు, నెయ్యి, స్పూన్లు అన్నీ ఒకే ట్రేలో పెట్టుకో. తినగానే ట్రే ఎత్తి వంటింట్లో పెడితే టేబుల్ ఖాళీ. వెయ్యి రూపాయలైనా అవదు. మిగిలిన రెండు వేలతో మంచి కంచాలు కొనుక్కోండి, ఇల్లు మారినా వెంట వస్తాయి.

ప్రశ్న: అమ్మా, నాకు 68, మా ఆవిడకి 63. ఇప్పటికీ కింద పీటలేసుకునే తింటాం. డైనింగ్ టేబుల్ కొనుక్కోమని పిల్లలు ఐదు వేలు పంపారు. అవసరమంటారా?
(విశ్రాంత ఉద్యోగి, కాకినాడ)

జవాబు: గోడ పట్టుకోకుండా లేవగలుగుతున్నారా? ఇద్దరూ లేవగలిగితే మీకు అవసరం లేదండీ. చుట్టాల కోసం గోడకి బిగించే మడత బల్ల ఒకటి చేయించి, రెండు ప్లాస్టిక్ కుర్చీలు కొనండి. పిల్లలకి ఫోటో పంపడానికీ పనికొస్తుంది.

ఒకరికి మోకాళ్లు మొండికేస్తుంటే ఆ ఒక్కరి పీట ఎత్తు పెంచకండి, కంచం మరీ కిందికి పోయి నడుం వంగుతుంది. మా అమ్మకి అలాగే చేసి, నెల తిరక్కుండా నడుంనొప్పి తెచ్చిపెట్టాను. అప్పుడు ఇద్దరూ మడత బల్లకే మారిపోండి. ఆలోపు పీటల కాళ్ల కింద రబ్బరు బిళ్లలు కొట్టించండి, గ్రానైట్ మీద జారుతాయి.