మ్యాట్ కుస్తీలో వీపు ఆనకుండానే మీ తమ్ముడు 10-0తో ఎట్ల ఓడిండని అడిగిన్రు కదా?

మీ తమ్ముడిని ఓడించినవి దొర్లింపులు, అన్నా, అంటే కింద పడ్డోడి నడుమో కాళ్లో పట్టి వీపు తిప్పడం. దెగ్లూర్ జాతరలో మట్టి మీద చిత్ అయితేనే, అంటే వీపు నేలకు ఆనితేనే ఓటమి. మ్యాట్ మీద ఫ్రీస్టయిల్ కుస్తీలో వీపు 90 డిగ్రీలు దాటి మ్యాట్ వైపు తిరిగితే చాలు, 2 పాయింట్లు. కింద పడేసినందుకు 2, నాలుగు దొర్లింపులకు 8. 10 పాయింట్ల తేడా రాగానే బౌట్ ఆపేస్తారు.

మట్టి నుంచి వచ్చినోళ్లు మరిచేది ఒక్కటే: పడగానే లేవబోవద్దు.

1. కడుపు, తుంటి మ్యాట్‌కు అతికించాలి. మోకాళ్ల మీదికి లేచినప్పుడే నడుము కింద చేతులు దూరుతయ్. నాకు ఈ అలవాటు మానడానికి నెల పట్టింది.
2. కాళ్లు ఎడంగా చాపాలి. మడమ మీద మడమ పడితే కాళ్లు బిగించి తిప్పేస్తాడు.
3. పట్టు పడితే మణికట్టు పట్టి విడదీయాలి, వేళ్లు విరవొద్దు, ఫౌల్.

ఇట్ల కాసేపు ఆగితే రిఫరీనే లేపి నిలబెడతాడు.