ఆ బొమ్మలో ఉన్నది అమ్మ మోకాలేనా?

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు. మెట్ల మీద జారిపడి మోకాలు వాచింది, ఎంఆర్ఐ తీయించాం. రెండేళ్ల క్రితం రెండో కాలికి తీసినప్పుడు అరగంట పట్టింది, ఈసారి పది నిమిషాల్లో అయిపోయింది. అడిగితే "ఇప్పుడు ఏఐ వచ్చిందమ్మా, బొమ్మ ఇంకా బాగా వస్తుంది" అన్నారు. అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది డాక్టర్ గారూ. అందులో ఉన్నది మా అమ్మ ఎముకేనా, కంప్యూటర్ ఊహించి గీసిందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అమ్మ ఎముకేనమ్మా. కాకపోతే కొంత భాగం లెక్కగట్టి పూరించింది. ఎంఆర్ఐ మిషన్ కెమెరాలా ఫొటో తీయదు. మోకాలికి తొడిగిన కాయిల్ ఒంట్లోంచి వచ్చే సిగ్నళ్లను వరసలు వరసలుగా పోగుచేస్తుంది, అన్నీ చేతికొచ్చాక కంప్యూటర్ లెక్క వేసి బొమ్మ కడుతుంది. కొన్ని వరసలు వదిలేస్తే టైమ్ కలిసొస్తుంది కానీ, పాత లెక్కతో అయితే బొమ్మ మీద బొమ్మ పడ్డట్టు అలుక్కుపోతుంది. పూర్తిగా తీసిన మోకాళ్ల స్కాన్లు బోలెడు చూపించి నేర్పిన డీప్ లెర్నింగ్ ప్రోగ్రామ్ అక్కడ పనికొస్తుంది. తీసిన వరసల్ని ఆధారం చేసుకుని, తీయనివి ఎలా ఉంటాయో అంచనా కడుతుంది.

ఇది గాలిమాట కాదు. న్యూయార్క్‌లోని ఎన్‌వైయూ లాంగోన్ ఆసుపత్రి, ఫేస్‌బుక్ కలిసి 2018లో ఈ పని మొదలుపెట్టాయి. 2020లో 108 మంది మోకాళ్లను రెండు రకాలుగానూ రేడియాలజిస్టులకు చూపిస్తే, దాదాపు నాలుగో వంతు డేటాతో కట్టిన బొమ్మల్లోనూ రోగ నిర్ధారణ మామూలు స్కాన్‌తో సమానంగా వచ్చింది. నొప్పితో ఉన్న మనిషి అరగంట కాలు కదపకుండా పడుకోవడం ఎంత నరకమో రోజూ చూస్తున్నాను. మధ్యలో ఒక్కసారి కదిలినా బొమ్మ మసకబారుతుంది. అందుకే స్కాన్ త్వరగా అయిపోవడం నా దృష్టిలో చాలా పెద్ద మేలు.

భయపడాల్సిన చోటు కూడా ఉంది. అదే 2020లో కొందరు గణిత పరిశోధకులు ఇలాంటి ప్రోగ్రాముల్ని పరీక్షించి, కొన్నిటిలో చిన్న చిన్న వివరాలు బొమ్మలోంచి మాయమైపోవచ్చని చూపించారు. లిగమెంట్ తెగడం, ఎముక లోపలి వాపు లాంటి పెద్దవాటి గురించి నాకంత బెంగ లేదు, సన్నటి పగులు దగ్గరే జాగ్రత్త. మోకాలిని చేత్తో పట్టి చూసిన ఎముకల డాక్టర్‌కి రిపోర్టుతో పాటు సీడీ కూడా ఇవ్వండి. నొప్పి ఒకచోట ఉండి రిపోర్టు అంతా నార్మల్ అంటే, ఆ భాగం వరకు మామూలు పద్ధతిలో మళ్లీ తీయమని అడగండి. ఎంఆర్ఐలో రేడియేషన్ ఉండదు, కాబట్టి రెండోసారి తీసినా ఆ భయం లేదు.

ప్రశ్న: నానమ్మకు కడుపునొప్పికి తీసిన సీటీ ఉంది. దాన్నే ఏఐతో మెరుగుపరిచి ఎముకలు గుల్లబారాయో లేదో చూడొచ్చా? డెక్సా (ఎముకల సాంద్రత కొలిచే స్కాన్) ఖర్చు తప్పుతుందని.
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఎముక లోపలి జాలీ పోగులు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల మందమే ఉంటాయి, మామూలు సీటీలో ఒక్కో చుక్కే అంతకన్నా పెద్దది. ఒకే ఎముక ముక్కను చాలా సన్నటి వివరాలు చూపే మైక్రో సీటీలోనూ మామూలు సీటీలోనూ తీసి, ఆ జంటలు చూపించి, మామూలు సీటీ నుంచే సన్నటి పోగుల్ని అంచనా కట్టడం ప్రోగ్రాములకు నేర్పుతున్నారు, పరిశోధనగా నాకు చాలా ఇష్టమైన పని. కానీ అందులో కనిపించే పోగులు మీ నానమ్మవని ఎవరూ సంతకం పెట్టలేరు. మందులు మొదలుపెట్టాలా వద్దా అని డాక్టర్ చూసేది డెక్సాలో వచ్చే టీ-స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల ఎముకలతో పోల్చి ఇచ్చే అంకె. అది -2.5 గానీ ఇంకా తక్కువ గానీ ఉంటే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారాయి అంటారు. ఆ సీటీ పారేయకండి, వెన్నుపూస ఏదైనా నలిగి ఉంటే అందులోనే కనిపిస్తుంది. డెక్సా మాత్రం తీయించండి.