గోవాలో 3 లక్షల 40 వేలకు సంతకం పెట్టాం, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మేడమ్, మాది రాజమండ్రి. మావారు ప్రైవేటు కాలేజీలో లెక్చరర్, నేను ఇంట్లో ట్యూషన్లు చెబుతాను. ఇద్దరు పిల్లలు. పోయిన వారం గోవా వెళ్లాం. కలంగూట్ బీచ్ రోడ్డులో ఒకబ్బాయి స్క్రాచ్ కార్డు చేతిలో పెట్టాడు, గీకితే మూడు రాత్రుల ఉచిత బస అని వచ్చింది. బహుమతి తీసుకోవాలంటే భార్యాభర్తలిద్దరూ రావాలి, గంటన్నర ప్రజెంటేషన్ వింటే చాలన్నాడు. టాక్సీ కూడా వాళ్లదే. తీరా వెళ్తే నాలుగు గంటలు కూర్చోబెట్టి 3 లక్షల 40 వేల హాలిడే మెంబర్‌షిప్ అంటగట్టారు. క్రెడిట్ కార్డు గీకి అక్కడే ఈఎంఐ చేయించారు. ఆ కిస్తీలు కడితే పాప ఇంటర్ ఫీజుకి డబ్బుండదు. సంతకం చేసి ఆరు రోజులైంది, వాళ్లిచ్చిన ఫైలు ఇంకా తెరవలేదు. మావారు సరిగ్గా తినడం లేదు, రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. లెక్చరర్ అయ్యుండి ఆ మాత్రం తెలియదా అని నేను అనేశాను, అక్కడ నువ్వు తల ఊపలేదా అని ఆయన. మామయ్యగారికి ఇంకా చెప్పలేదు. డబ్బు వెనక్కి వస్తుందా? ఈయనతో నేను ఎలా ఉండాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరానికి వరస తప్పించి ముందుగా రాస్తున్నాను, ఎందుకంటే మీకు రోజులు లెక్క. ఇది చదవగానే ఆ ఫైలు తెరవండి. ఇలాంటి మెంబర్‌షిప్‌లు అమ్మే కొన్ని కంపెనీల ఒప్పందాల్లో పది రోజుల లోపు రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి ఇస్తామనే షరతు ఉంటుంది. దాన్ని కూలింగ్ ఆఫ్ అనో, ఫ్రీ లుక్ అనో, రెసిషన్ (rescission, అంటే ఒప్పందం రద్దు) అనో రాస్తారు, ఎక్కువగా చివరి పేజీల్లో, చిన్న అక్షరాల్లో. గడువు ఎన్ని రోజులు, సంతకం నుంచా, డబ్బు కట్టిన రోజు నుంచా, రద్దు ఉత్తరం ఏ అడ్రసుకి పంపాలి, ఈ మూడూ వెతకండి. షరతు కనిపించినా కనిపించకపోయినా ఉత్తరం మాత్రం ఈ రోజే వెళ్లాలి.

ఉత్తరం పెద్దదేం అక్కర్లేదు. మెంబర్‌షిప్ నంబరు, తేదీ, కట్టిన మొత్తం రాసి, మెంబర్‌షిప్ రద్దు చేసుకుంటున్నాం, మొత్తం డబ్బు తిరిగి ఇవ్వండి అని సూటిగా అడగండి. ఆ తర్వాత అక్కడ నోటితో ఏమేం చెప్పారో, కాగితం మీద ఏం లేదో రాయండి. ఏ సెలవుల్లోనైనా గది దొరుకుతుందని చెప్పి ఒప్పందంలో సీజన్ పరిమితులు పెట్టడం, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా అమ్ముకోవచ్చని చెప్పడం, ఏటా కట్టాల్సిన మెయింటెనెన్స్ సంగతి ఎత్తకపోవడం, మీకు జరిగినవి ఇలాంటివే అయ్యుంటాయి. గుర్తున్నవన్నీ ఈ రోజే మీరిద్దరూ విడివిడిగా ఒక్కో కాగితం మీద రాసుకోండి, నెల తర్వాత ఇంత స్పష్టంగా గుర్తుండవు. ఉత్తరం ఈమెయిల్‌లో పంపండి, స్పీడ్ పోస్టులో కూడా పంపి రసీదు దాచండి. వాళ్లు ఫోన్ చేసి మేడమ్ వచ్చే నెల మాట్లాడదాం, మీకు ఇంకో వారం బోనస్ ఇస్తాం అంటే, చెప్పాలనుకున్నది మెయిల్‌లో రాయమనండి. ఫోన్లో మంచిగా మాట్లాడుతూ గడువు దాటించడం వాళ్లకి బాగా అలవాటు. ఆ ఉచిత మూడు రాత్రులు మాత్రం వాడుకోవద్దు, ఏ బుకింగూ చేయొద్దు. ఒక్కసారి వాడినా, మెంబర్‌షిప్ ఒప్పుకున్నట్టేగా అని రేపు వాదిస్తారు.

బ్యాంకుకి కూడా ఈ రోజే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. తప్పుడు మాటలు చెప్పి చేయించిన లావాదేవీ, దీన్ని డిస్ప్యూట్ చేస్తున్నాం, ఈఎంఐ రద్దు చేయండి అని అడగండి. పిన్ కొట్టింది మీరే కాబట్టి బ్యాంకు అంత తేలిగ్గా ఒప్పుకోదు, అయినా రద్దు ఉత్తరం కాపీ జత చేస్తే మీ మాటకి బలం ఉంటుంది. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. ఈ గొడవ తేలేదాకా కోపంతో కిస్తీ ఎగ్గొట్టొద్దు, వడ్డీ పెరుగుతుంది, సిబిల్ స్కోరు పడిపోతుంది, రేపు పాప చదువుకి లోన్ కావాలంటే అది అడ్డం వస్తుంది. అభ్యంతరం తెలుపుతూనే కడుతున్నామని ఒక మెయిల్ పెట్టి కట్టండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే.

ఇద్దరూ రావాలని ఎందుకు పట్టుబట్టారో ఆలోచించారా? ఒక్కరే వెళ్తే ఇంట్లో అడిగి చెప్తాం అని లేచి వచ్చేస్తారు. మన ఇళ్లలో పెద్ద ఖర్చు ఏదైనా అలాగే ఆగుతుంది, భార్యతో మాట్లాడాలనో, నాన్నగారిని అడగాలనో అంటాం, ఒక రాత్రి గడుస్తుంది, పొద్దునకి బుర్ర చల్లబడుతుంది. ఆ ఒక్క రాత్రిని మీకు దక్కనివ్వకుండా చేయడానికే ఇద్దరినీ రమ్మన్నారు, ఈ రోజుకే ఈ రేటు అన్నారు, పిల్లల్ని ఆడిస్తామని వేరే గదిలోకి తీసుకెళ్లారేమో కూడా. ముందు ఒక కుర్రాడు గంటసేపు కుటుంబం గురించి, పిల్లల గురించి, పోయిన ఏడాది ఎక్కడికి వెళ్లారు, ఎంత ఖర్చయింది అని కబుర్లు చెబుతాడు. ఆ జవాబులే కాసేపటికి మీ మీదికి లెక్కలుగా తిరిగొస్తాయి, ఏడాదికి హోటళ్లకే ఇంత పోస్తున్నారు సర్, పాతికేళ్లకి ఎంతవుతుందో చూడండి అని. మీరు వద్దన్నాక మేనేజర్ వస్తాడు, రేటు సగానికి దిగుతుంది. అప్పటికీ వద్దంటే ఇంకొకరు వస్తారు. పక్క టేబుల్ దగ్గర ఎవరో సంతకం చేశారని చప్పట్లు వినిపిస్తాయి. ఆకలి వేస్తుంటుంది, పిల్లలు విసిగిస్తుంటారు, టాక్సీ వాళ్లదే కాబట్టి బయటికి ఎలా వెళ్లాలో తెలియదు. నాలుగో గంటకి మనిషి మెంబర్‌షిప్ కావాలా వద్దా అని ఆలోచించే స్థితిలో ఉండడు, ఇక్కడి నుంచి బయటపడితే చాలనుకుంటాడు. అప్పుడు పెన్ను ఇస్తారు.

ఇందులో చదువుకీ తెలివికీ పనేం లేదు. డాక్టర్లు, బ్యాంకు ఉద్యోగులు, లెక్కల మాస్టార్లు కూడా సంతకాలు పెట్టి వస్తారు. ఆ గది పనిచేసేది మన మర్యాద మీద. ఎదుటివాడు అంతసేపు కష్టపడ్డాడే అన్న మొహమాటం ఒకటి, అంతకంటే పెద్దది ఇంకొకటుంది. నలుగురి ముందు భార్య ఆశపడినదాన్ని కాదనడం భర్తకి చిన్నతనంగా ఉంటుంది. భర్త ఒప్పుకుంటున్నదాన్ని పరాయివాళ్ల ముందు వద్దనడం ఆయన్ని తక్కువ చేసినట్టని భార్య ఊరుకుంటుంది. మీరు తల ఊపింది ఆయన పరువు కోసం అయ్యుండొచ్చు, ఆయన సంతకం పెట్టింది మీ సరదా కోసం అయ్యుండొచ్చు. ఒక్కసారి ఆయన్ని అడగండి, ఆ క్షణంలో మీ మనసులో ఏమనుకున్నారు అని. మీరనుకున్నది కూడా చెప్పండి. ఇంత జరిగాక కూడా మీ ఇద్దరూ ఈ సంగతి ఒకరికొకరు చెప్పుకుని ఉండరని నా అనుమానం.

లెక్చరర్ అయ్యుండి అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోవాలి. క్షమాపణ పెద్ద సీను చేయక్కర్లేదు, అన్నం పెట్టేటప్పుడు, నేను అలా అనకుండా ఉండాల్సింది అన్నా చాలు. క్లాసులో నిలబడి బతికే మనిషికి తన తెలివి మీద పడిన దెబ్బ డబ్బు పోయినదానికంటే ఎక్కువ నొప్పి పెడుతుంది, పైగా అది ఇంట్లోంచి వస్తే తట్టుకోలేడు. ఆయన కూడా మీ మీదికి తోసేస్తున్నారంటే పొగరుతో కాదు, ఆ సిగ్గు ఒక్కడే మోయలేకపోతున్నారు. పైన చెప్పిన పనులు ఇద్దరూ పంచుకుని చేయండి, బ్యాంకు మెయిల్ ఆయన రాస్తే స్పీడ్ పోస్టు మీరు చూసుకోండి. చేతికి పని ఉంటే రాత్రి కొంచెం నిద్ర పడుతుంది. అప్పటికీ తిండి, నిద్ర బాగుపడకపోయినా, నేను ఎందుకూ పనికిరాను లాంటి మాటలు ఆయన నోట వస్తున్నా ఆలస్యం చేయకుండా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ లైను, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మామయ్యగారికి చెప్పాలా అంటే, చెప్పాలి, కానీ ఉత్తరాలన్నీ పంపాక, ఆయన కొడుకు నోటితో. ఇలా జరిగింది, ఇదిగో ఈ పనులు చేశాం అని చెబితే పెద్దాయన రెండు మాటలు అన్నా ఆగుతారు. కిస్తీ మెసేజ్ చూసి ఆయనే కనుక్కుంటే ఆ రెండు మాటలు ఏళ్ల తరబడి వినాల్సి వస్తుంది.

డబ్బు వస్తుందా అని అడిగారు. కూలింగ్ ఆఫ్ షరతు ఉండి గడువులోపు ఉత్తరం చేరితే వచ్చే అవకాశం బాగానే ఉంది, కొంత మినహాయించుకుంటామనొచ్చు. షరతు లేకపోతే సమయం పడుతుంది. యూరప్‌లో 2008 నాటి ఆదేశం ప్రకారం టైమ్‌షేర్, అంటే ఏటా కొన్ని రోజులు రిసార్టులో ఉండే హక్కు ఇచ్చే ఇలాంటి మెంబర్‌షిప్, కొన్నవాళ్లకి 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకునే హక్కుంది, ఆ రోజుల్లో అమ్మేవాడు అడ్వాన్సు కూడా తీసుకోకూడదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో 10 రోజులు ఇస్తారు, ఓర్లాండోకి పిల్లల దగ్గరికి వెళ్లే మన తల్లిదండ్రులు అది గుర్తుంచుకోవాలి. మన దేశంలో టైమ్‌షేర్‌కంటూ ప్రత్యేకమైన చట్టం లేదు, ఉండి తీరాలని నేను గట్టిగా నమ్ముతాను. అలాగని మీరు నిస్సహాయులేం కాదు. తప్పుడు మాటలతో తీసుకున్న అంగీకారం మీద నిలబడ్డ ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, ఒప్పందం గోవాలో జరిగినా, మీరుండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ల గడువుంది. ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు ఇవ్వండి, కొన్ని కంపెనీలు అక్కడి నుంచి కబురు వస్తేనే కదులుతాయి. ఒప్పందంలో వివాదం ఏదైనా ఫలానా నగరంలో మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని ఉంటే భయపడొద్దు, అలాంటి షరతు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి అడ్డం కాదని ఎమార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది.

ఇంకొక్క జాగ్రత్త. కొన్నాళ్లకి మీకు ఫోన్లు రావొచ్చు, మీ మెంబర్‌షిప్ కొనేవాళ్లు సిద్ధంగా ఉన్నారు, లేదా మీ రిఫండ్ శాంక్షన్ అయింది, ముందు జీఎస్టీ కింద ఇరవై వేలు కట్టండి అని. మీ పేరు, మెంబర్‌షిప్ నంబరు, కట్టిన మొత్తం అన్నీ కరెక్టుగా చెబుతారు కాబట్టి నమ్మాలనిపిస్తుంది, పోయిన డబ్బు మీద ఆశ కూడా ఉంటుంది కదా. మనకి డబ్బు ఇవ్వాల్సినవాడు మనల్ని ముందు కట్టమనడు. మీరు గానీ ఆయన గానీ ఒంటరిగా ఉన్నప్పుడు ఆ ఫోన్ వస్తే, సాయంత్రం ఇద్దరం కూర్చుని చూసి చెప్తాం అని పెట్టేయండి. పొరపాటున డబ్బు పంపితే ఆ గంటలోనే 1930 సైబర్ క్రైమ్ లైనుకి ఫోన్ చేయాలి, ఈ నంబరు ఇద్దరి ఫోన్లలోనూ ఇప్పుడే సేవ్ చేసుకోండి.