చిన్న ఫుట్‌బాల్ క్లబ్ చుట్టుపక్కల జనానికి దగ్గరవ్వాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉచిత టికెట్లు పంచాం, ఒకరోజు పిల్లల క్యాంపు పెట్టాం, ఫొటోలు బాగా వచ్చాయి, తర్వాతి మ్యాచ్‌కి మాత్రం మళ్లీ అవే ముఖాలు, ఇక టోర్నమెంట్ పెట్టమంటారా అని కదా మీ ప్రశ్న. టోర్నమెంట్ సంగతి చివర్లో చెప్తాను. ముందు క్యాంపు ఎందుకు నిలవలేదో చూడండి. ఒక్కరోజు జరిగేది ఏదైనా తిరునాళ్లే. జనం వస్తారు, చూస్తారు, పోతారు. ఈ క్లబ్ మాది అనిపించాలంటే ప్రతి వారం అదే రోజు, అదే గంటకు, గేటు దగ్గర అదే మనిషి కనిపించాలి. 12 వారాలు ఆపకుండా నడపగల పని ఒక్కటే పట్టుకోండి. అయిదు పనులు పెట్టుకుంటే మూడో నెలకు ఒక్కటీ మిగలదు.

ఆ పని ఏమిటో కమిటీ గదిలో కూర్చుంటే తేలదు. గ్రౌండ్ నుంచి 15, 20 నిమిషాల నడక దూరంలో ఉన్న బడులు, హాస్టళ్లు, ఆరోగ్య కేంద్రం, పెద్దవాళ్లు కూర్చునే చోట్లు ఒక కాగితం మీద రాసుకుని తిరగండి. 'ఫుట్‌బాల్ ఇష్టమా?' అని అడగొద్దు, మొహమాటానికి అందరూ ఇష్టమే అంటారు. 'సాయంత్రం ఏ వేళకు ఖాళీగా ఉంటారు? మా గ్రౌండ్‌కు రాకపోవడానికి అడ్డేమిటి?' ఈ రెండూ చాలు. రోడ్డు దాటడం భయం, తిరిగొచ్చేసరికి చీకటి, బూట్లు లేవు, మరుగుదొడ్డి లేదు లాంటి జవాబులొస్తాయి. వీటిలో ఆటకు సంబంధించింది ఒక్కటీ ఉండదు. అసలు చాలా క్లబ్బులు మొదలైందే ఊరి అవసరం నుంచి. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో 1887లో సెల్టిక్ క్లబ్‌ను పెట్టింది తూర్పు పేటల పేద పిల్లల భోజనానికి డబ్బు పోగు చేయడానికే.

చాలామంది మొదలుపెట్టేది పిల్లల వారపు ఆటతోనే కాబట్టి దాని లెక్క వివరంగా చెప్తాను. 8 నుంచి 12 ఏళ్ల పిల్లలు 24 మంది అనుకుంటే 4 నంబరు (పిల్లల సైజు) బంతులు కనీసం 12, కోన్లు 40, మూడు రంగుల బిబ్‌లు (ఎవరిది ఏ జట్టో తెలిసేలా చొక్కా మీద వేసుకునేవి) ఎనిమిదేసి, పెద్దవాళ్లు ముగ్గురు కావాలి. గంటసేపు చాలు. దాదాపు 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పుతో మూడు చిన్న గ్రౌండ్లు గీసి నలుగురికి నలుగురిని ఆడించండి. గోల్ అంటే 2 మీటర్ల దూరంలో రెండు కోన్లు. ఎవరు ముందొస్తే వాళ్లు వెంటనే ఆట మొదలుపెట్టాలి, అందరూ వచ్చేదాకా నిలబెట్టకూడదు. వరసలో నిలబడి తన వంతు కోసం ఎదురుచూసే డ్రిల్లులు తీసేయండి. పది మంది వరసలో ఉంటే ఒక్కో పిల్లాడికి బంతి అందేది చాలాసేపటికి ఒకసారి, పక్కవాడిని గిల్లడానికి మాత్రం బోలెడంత సమయం.

ఇది చెడేది ఎక్కువగా నాలుగు చోట్ల. మొదటి వారం 60 మంది వచ్చేస్తారు, కోచ్‌లు ఇద్దరే ఉంటారు. అందుకే పేర్లు ముందే రాసుకుని, మిగిలినవాళ్లకు రెండో బ్యాచ్ తేదీ అక్కడే చెప్పాలి. గేటు తాళం ఒక్కరి దగ్గరే ఉంటే ఆయన రాని రోజు పిల్లలు రోడ్డు మీద ఉంటారు, రెండో తాళంచెవి చేయించండి. బిబ్‌లు ఎవరు ఉతకాలో ముందే తేల్చుకోకపోతే నాలుగో వారానికి వాసన భరించలేక పిల్లలే వేసుకోరు (నవ్వొచ్చినా నిజం). నాలుగోది అన్నిటికంటే పెద్ద తప్పు: బాగా ఆడే ఆరుగురిని ఏరి క్లబ్ జట్టులో వేసుకోవడం. ఆ రోజు నుంచి మిగతా పద్దెనిమిది మందికి అది సెలక్షన్ ట్రయల్ అయిపోతుంది. ట్రయల్స్ వేరే రోజు, వేరే పేరుతో పెట్టుకోండి.

పిల్లల భద్రత విషయంలో బేరాల్లేవు. ఏ పెద్ద మనిషీ ఒక్క పిల్లవాడితో ఒంటరిగా ఉండకూడదు. కోచ్ పిల్లలకు నేరుగా మెసేజ్ పెట్టకూడదు, ఏ కబురైనా తల్లిదండ్రులున్న గ్రూపులోకే వెళ్లాలి. ఫిర్యాదు తీసుకునే మనిషి కోచ్ అయి ఉండకూడదు, ఆ మనిషి నంబరు గేటు మీద ఉండాలి.

'అందరూ రావచ్చు' అని బోర్డు పెడితే వచ్చేది మగపిల్లలే. ఆడపిల్లలకు విడిగా ఒక గంట, మహిళా కోచ్, లోపలి గడియ పడే మరుగుదొడ్డి, అందులో లైటు, తల్లులు కూర్చోవడానికి నీడ ఉండాలి. చీకటి పడకముందే అయిపోవాలి. నిక్కర్లు ముదురు రంగువి ఇవ్వండి. నెలసరి ఇబ్బంది వల్లే ఇంగ్లండ్ మహిళా జట్టు 2023లో తెల్ల నిక్కర్లు మానేసి నీలం వేసుకుంది. అంత పెద్ద జట్టుకే ఉన్న బాధ పదమూడేళ్ల పిల్లకు ఉండదా?

పెద్దవాళ్లను మరచిపోవద్దు. నడుస్తూ ఆడే ఫుట్‌బాల్ 2011లో ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్‌లో మొదలైంది. పరుగెత్తకూడదు, ఒకరినొకరు తోసుకోకూడదు, బంతి తల ఎత్తు దాటకూడదు. చిన్న జట్లతో పది నిమిషాల ఆటలు నాలుగు పెడితే చాలు. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పి ఉన్నాయేమో ముందే అడిగి రాసుకోండి. స్కాట్లండ్‌లో 13 ప్రొఫెషనల్ క్లబ్బులు 35 నుంచి 65 ఏళ్ల లావుపాటి మగవాళ్లకు తమ స్టేడియంలోనే, తమ కోచ్‌లతోనే 12 వారాల కార్యక్రమం నడిపాయి. 747 మంది మీద చేసిన పరీక్ష ఫలితం 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఏడాది తర్వాత చూస్తే, కార్యక్రమంలో ఉన్నవాళ్లు లేనివాళ్లకంటే సగటున 5 కిలోల దాకా ఎక్కువ తగ్గారు. జిమ్ గడప తొక్కని మనిషి కూడా తన జట్టు డ్రెస్సింగ్ రూమ్ చూడొచ్చంటే వస్తాడు. మీ దగ్గర స్టేడియం లేకపోవచ్చు, డగౌట్ (మ్యాచ్‌లో కోచ్, అదనపు ఆటగాళ్లు కూర్చునే చోటు) ఉంటుంది కదా, అక్కడ కూర్చోనివ్వండి.

ఇక గోడ అవతలివాళ్లు. రోజూ మీ చప్పుడు భరించేది వాళ్లే. సీజన్‌కు ముందు మ్యాచ్ తేదీలు, లైట్లు ఆర్పే వేళ, ఫోన్ ఎత్తే ఒక మనిషి నంబరు వేసిన కార్డు ఇంటింటికీ ఇవ్వండి. స్పీకర్లు గ్రౌండ్ లోపలి వైపు తిప్పండి. గోల్ వెనక 5, 6 మీటర్ల వల కట్టండి. బంతి ఇళ్లలో పడితే పిల్లలు గోడలెక్కకుండా పెద్దవాళ్లొకరు వెళ్లి తలుపు తట్టాలి. మ్యాచ్ అయిన అరగంటలో గేటు బయట కూడా చెత్త ఎత్తాలి. ఈ ఒక్క పనికి వచ్చే మంచిపేరు పది పోస్టర్లకు రాదు.

సాయానికి మనుషులు కావాలంటే 'వచ్చి సాయం చేయండి' అంటే ఎవరూ రారు. 'శనివారం 4 నుంచి 6, గేటు దగ్గర పేర్లు రాయాలి' అంటే వస్తారు. బెర్లిన్‌లో యూనియన్ క్లబ్ 2008-09లో స్టేడియం బాగుచేసుకుంటే 2,000కు పైగా అభిమానులు దాదాపు 1,40,000 గంటలు ఉచితంగా పనిచేశారు. చేతులు పెట్టి కట్టిన దాన్ని జనం వదులుకోరు.

హాజరు మొత్తం చూసి మురిసిపోకండి. మొదటి వారం వచ్చినవాళ్లలో ఆరో వారం ఎంతమంది ఉన్నారన్నదే అసలు లెక్క. రానివాళ్ల ఇంటికి ఒక ఫోన్ చేస్తే కారణం తెలుస్తుంది.

టోర్నమెంట్ ఆ 12 వారాలు అయ్యాకే పెట్టండి. జట్లను బడుల వారీగా, వీధుల వారీగా కాకుండా, వారం వారం వచ్చిన పిల్లలను కలిపి చేయండి. నాకౌట్ వద్దు, ప్రతి జట్టుకూ కనీసం మూడు ఆటలుండాలి. ఫైనల్‌ను మీ సీనియర్ జట్టు మ్యాచ్ విరామంలోనో, దానికి ముందో ఆడిస్తే తల్లిదండ్రులు టికెట్ లేకుండానే గ్రౌండ్‌లో ఉంటారు. వాళ్లు కూర్చోవడానికి కుర్చీలు మాత్రం ముందే వేయించండి.