సమాధానం: పూలాంక్ ‘ఓబాద్’లో తీగ వాద్యాలు వినిపించకపోతే

ఫ్రెంచ్ స్వరకర్త పూలాంక్ బ్యాలే ‘ఓబాద్’ ప్రదర్శన గురించి మీరు రాసిన రెండు ఇబ్బందులూ (వయొలిన్ కంటే కాస్త పెద్దవైన వయోలాలు, ఇంకా పెద్దవైన చెల్లోలు వినిపించకపోవడం, డాన్సర్లకు పియానో శబ్దం ఆలస్యంగా అందడం) వాద్యకారులను చాలావరకు కూర్చోబెట్టే తీరులోనే తీరతాయి. నాలుగు వయొలిన్లు కలపాలన్న ఆలోచన మాత్రం దయచేసి మానుకోండి. 1929లో పూలాంక్ ఈ బ్యాలేను పియానోకూ 18 వాద్యాలకూ రాశారు. అందులో తీగ వాద్యాలు ఆరే: వయోలా, చెల్లో, డబుల్ బాస్ రెండేసి. వయొలిన్లు లేవు. ఆ ముదురు నాదపు రంగే ఈ రచనకు ప్రాణం, వయొలిన్లు చేరితే అది పోతుంది.

ఆ ఆరుగురినీ ప్రేక్షకుల వైపు ముందుకు తీసుకురండి. చెల్లోలు, బాస్‌ల కింద బోలు చెక్క వేదిక వేస్తే, నేలకు ఆనే మొన ద్వారా చెక్క కూడా మోగి కింది స్వరాలు నిండుగా వస్తాయి. హార్న్ (ఊదే ఇత్తడి వాద్యం) గంట, అంటే శబ్దం బయటికొచ్చే వెడల్పు మూతి, వెనక్కి తిరిగి ఉంటుంది కదా, వెనక గట్టి గోడ ఉంటే శబ్దం రెట్టింపైనట్టు అనిపిస్తుంది. అక్కడ మందపాటి తెర వేలాడదీయండి. పియానో మూత పూర్తిగా తీయకుండా చిన్న కర్ర మీద నిలపండి. వయోలాల దగ్గర రాగం ఉన్నచోట గాలి వాద్యాల పార్టుల్లో (వాళ్ల స్వరాల కాగితాల్లో) శబ్ద తీవ్రతను ఒక మెట్టు తగ్గించి పెన్సిల్‌తో రాయండి. నోటిమాటగా చెబితే ప్రదర్శన రోజు మరిచిపోతారు.

ఆలస్యం సంగతికొస్తే, శబ్దం 15 మీటర్లు దాటడానికి దాదాపు 44 మిల్లీసెకన్లు పడుతుంది. పియానో దగ్గర ఒక మైక్, స్టేజీ పక్కల్లో తక్కువ వాల్యూమ్‌లో చిన్న స్పీకర్లు పెట్టండి. డిజిటల్ ఎఫెక్టులేవీ మధ్యలో వద్దు, మళ్లీ ఆలస్యం చేరుతుంది.